ఆ యాప్ ఎటు పోయింది?

2019 డిసెంబరు మొదట్లో రోకు కంపెనీ తొలినాటి బాక్సుల్లో నెట్‌ఫ్లిక్స్ రావడం ఆగిపోయింది. ఆగిపోయిన మోడళ్లలో ఎన్1000 కూడా ఉంది. 2008 మే 20న 99.99 డాలర్లకు అమ్మకానికి వచ్చిన ఆ చిన్న నల్ల డబ్బా పుట్టిందే నెట్‌ఫ్లిక్స్ కోసం. అమ్మిన పేరు కూడా ‘నెట్‌ఫ్లిక్స్ ప్లేయరే’. మొదట్లో అందులో మరో సర్వీసు లేదు. పదకొండేళ్ల తర్వాత కూడా ఆ డబ్బా కరెంటు ఇస్తే వెలుగుతుంది, ఇంటర్నెట్ పట్టుకుంటుంది, రిమోట్ నొక్కితే పలుకుతుంది. నెట్‌ఫ్లిక్స్ మాత్రం రాదు. సాంకేతిక పరిమితులే కారణమని కంపెనీ చెప్పింది. సినిమాలు కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం మారిపోయిందని, పాత డబ్బాలకు మైక్రోసాఫ్ట్ వారి పాత తాళం తప్ప కొత్తది తెరవడం చేతకాదని అప్పటి టెక్ పత్రికలు రాశాయి.

టీవీలో ఉండాల్సిన యాప్ కనబడకపోతే మనిషి ముందు తన వైపే చూసుకుంటాడు. ప్లగ్ పీకి మళ్లీ పెడతాడు. రిమోట్‌లో బ్యాటరీలు తిప్పుతాడు. వైఫై ఆపి ఆన్ చేస్తాడు. ఇంట్లో పిల్లలెవరైనా ఏదైనా నొక్కారేమోనని ఆరా తీస్తాడు. చివరికి సెట్టింగుల్లోకి వెళ్లి అంతా తుడిచేసి మొదటి నుంచి మొదలుపెడతాడు. ఈ బాక్సులు ఇళ్లలోకి వచ్చి పదిహేడేళ్లు దాటింది. ఇన్నేళ్ల చరిత్ర తిరగేస్తే తెలిసేది ఒకటుంది. పేరున్న యాప్ మాయమైన ప్రతి పెద్ద సందర్భంలోనూ తప్పు ఆ ఇంట్లో లేదు. రెండు కంపెనీల మధ్య కుదరని ఒప్పందంలోనో, ఏ పదేళ్ల కిందటో రాసిపెట్టిన ఒక గడువు తేదీలోనో ఉంది. ఇంకా బాధ కలిగించే సంగతి, కొన్నిసార్లు మనం అలవాటుగా చేసే రిపేరే ఉన్నదాన్ని కూడా పోగొట్టింది.

ఈ గొడవలకు బీజం మొదటి బాక్సు పుట్టకముందే పడింది. రోకు వ్యవస్థాపకుడు ఆంథొనీ వుడ్ అంతకుముందు రీప్లేటీవీ అనే రికార్డింగ్ యంత్రం తయారుచేసిన మనిషి. 2007లో నెట్‌ఫ్లిక్స్‌లో చేరి, ‘ప్రాజెక్ట్ గ్రిఫిన్’ అన్న పేరుతో ఇంటర్నెట్ సినిమాను నేరుగా టీవీకి చేర్చే డబ్బా తయారీ చూసుకున్నాడు. డబ్బా దాదాపు సిద్ధమైంది. విడుదలకు కొద్ది వారాల ముందు, 2007 డిసెంబరులో, నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ దాన్ని ఆపేశాడు. తామే డబ్బాలు అమ్మితే ఆపిల్ లాంటి తయారీదారులు తమను పోటీదారుగా చూస్తారని, వాళ్ల యంత్రాల్లో నెట్‌ఫ్లిక్స్‌కు చోటివ్వరని ఆయన భయం. దాంతో ఆ పని మొత్తం రోకుకు అప్పగించారు. డబ్బా అమ్మేవాడు, సినిమా అమ్మేవాడు ఒక్కడే అయితే మిగతావాళ్లు తలుపులు మూసేస్తారన్న ఆ అంచనా ఎంత నిజమో తర్వాతి పన్నెండేళ్లలో ఆపిల్, అమెజాన్, గూగుల్ మూడూ కలిసి చూపించాయి.

ఆ మొదటి డబ్బాలో వెతుక్కునే వీలు కూడా లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని నెట్‌ఫ్లిక్స్ వెబ్‌సైట్‌లో కావలసిన సినిమాలను వరుసలో పెట్టుకోవాలి. టీవీ తెర మీద ఆ వరుస మాత్రమే కనిపిస్తుంది. అప్పటికి నెట్‌ఫ్లిక్స్ ఇంటర్నెట్‌లో ఇస్తున్న సినిమాలు, షోలు సుమారు 10,000. ఇవాళ్టి లెక్కలో ఇది మరీ ఇరుకు. కానీ ఒక సుఖం ఉంది. వాడేవాడు పెట్టింది కనిపిస్తుంది, పెట్టనిది కనిపించదు, ఎందుకు కనిపించలేదో అతనికే తెలుసు. 2009లో అమెజాన్ సినిమాలు రోకులోకి వచ్చాయి. అదే ఏడాది నవంబరులో పండోరా, ఫ్లికర్ లాంటివాటితో చానల్ స్టోర్ తెరిచారు. అప్పటినుంచి ఏది కనిపించాలో తేల్చేవాళ్లలో స్టోర్ నడిపే మూడోవాడు కూడా చేరాడు.

టీవీ మీద ఒక సర్వీసు హఠాత్తుగా మాయమై అమెరికా అంతా మాట్లాడుకున్న తొలి సందర్భం రోకుది కాదు, బాక్సీ అనే సాఫ్ట్‌వేర్‌ది. కంప్యూటర్‌లోనో ఆపిల్ టీవీలోనో దాన్ని ఎక్కించుకుంటే హులూ వెబ్‌సైట్‌లో ఉచితంగా వచ్చే టీవీ కార్యక్రమాలను హాల్లో సోఫాలో కూర్చుని పెద్ద తెర మీద చూడొచ్చు. 2009 ఫిబ్రవరిలో హులూ దాన్ని ఆపమంది. కార్యక్రమాల హక్కులున్న సంస్థలు అడిగాయి కాబట్టి ఆపుతున్నామని హులూ అధిపతి జేసన్ కిలార్ బహిరంగంగానే రాశాడు. అదే కార్యక్రమం, అవే ప్రకటనలు, అదే ఇంటర్నెట్. ల్యాప్‌టాప్‌లో అయితే సరే, టీవీలో అయితే కుదరదు! ప్రేక్షకుడికి అర్థంకాని ఈ తేడా వ్యాపారం చేసేవాళ్లకు బాగా అర్థమైంది. ల్యాప్‌టాప్‌లో చూసేది అదనపు రాబడి, హాల్లో టీవీలో చూసేది కేబుల్ కంపెనీలు ఏటా చెల్లించే అసలు రాబడికి గండి.

మరుసటి ఏడాది గూగుల్‌కూ ఇదే ఎదురైంది. 2010 అక్టోబరులో గూగుల్ టీవీ పేరుతో లాజిటెక్ కంపెనీ రెవ్యూ అనే బాక్సును 299 డాలర్లకు తెచ్చింది. అందులో బ్రౌజర్ ఉంది కాబట్టి ఏ వెబ్‌సైట్ అయినా వస్తుందనుకున్నారు. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, హులూ తమ వీడియోలు ఆ బాక్సులో ఆడకుండా అడ్డుకట్ట వేశాయి. 2011 జులైకి ధర 99 డాలర్లకు పడిపోయింది. ఆ ఏడాదే లాజిటెక్ ఆ వ్యాపారం వదిలేసింది. బాక్సు ఎంత మంచిదైనా, అందులోకి ఏం రావాలో బాక్సు తయారీదారు చేతిలో లేదని అప్పటికే తేలిపోయింది.

రోకు కొన్నవాళ్ల కష్టం వేరు. 2008 నుంచి 2013 డిసెంబరు దాకా ఆ బాక్సుల్లో అధికారికంగా యూట్యూబ్ లేనేలేదు. ప్రపంచంలో అందరూ చూసే వీడియోలు ఐదేళ్లకు పైగా అందులో రాలేదు. అప్పుడే ఒక కొత్త అలవాటు పుట్టింది. రోకు స్టోర్‌లో కనిపించని ‘ప్రైవేట్ చానళ్లు’ ఉండేవి. వెబ్‌సైట్‌లోకి వెళ్లి తన ఖాతాలో ఒక కోడ్ కొడితే అది ఇంట్లో బాక్సులో ప్రత్యక్షమవుతుంది. కాస్త ప్రోగ్రామింగ్ తెలిసిన ఎవరైనా వాటిని తయారుచేయొచ్చు. ఒకరు కోడ్ చెబితే ఇంకొకరు రాసుకునేవారు. యూట్యూబ్ చూపించే అనధికార చానల్ కూడా అలాగే చేతులు మారింది. కంపెనీలు మూసిన దారికి పక్కన జనం తొక్కి వేసుకున్న కాలిబాట అది. ఇవాళ అమెజాన్ ఫైర్ స్టిక్‌లో బయటి నుంచి యాప్ ఎక్కించుకునేవాళ్లు చేసేదీ అదే.

అసలు పెద్ద యుద్ధం 2015 అక్టోబరులో మొదలైంది. ఆపిల్ టీవీని, గూగుల్ క్రోమ్‌కాస్ట్‌ను ఇక అమ్మబోమని అమెజాన్ ప్రకటించింది. తమ ప్రైమ్ వీడియో వాటిలో సరిగా ఆడదు కాబట్టి కొనేవాళ్లు తికమక పడకూడదన్నది ఆ కంపెనీ ఇచ్చిన వివరణ. సరిగ్గా ఆ నెలలోనే ఆపిల్ తన కొత్త టీవీ బాక్సుకు యాప్ స్టోర్ తెరిచింది. అమెజాన్ తలచుకుంటే యాప్ తయారుచేసి పెట్టొచ్చు. పెట్టలేదు. రెండేళ్లపాటు ఆపిల్ టీవీ కొన్నవాళ్లు స్టోర్‌లో ప్రైమ్ వీడియో అని టైపు చేసి, ఏమీ రాక, అక్షరాలు తప్పు కొట్టామేమోనని మళ్లీ టైపు చేశారు. 2017 జూన్‌లో ఆపిల్ సమావేశ వేదిక మీద టిమ్ కుక్ ఆ యాప్ వస్తోందని చెబితే హాలులో చప్పట్లు మోగాయి. డిసెంబరు 6న అది వచ్చింది.

ఒక పేచీ ముగుస్తుండగానే రెండోది రాజుకుంది. 2017 సెప్టెంబరులో అమెజాన్ తెర ఉన్న స్పీకరు ఎకో షో మీద యూట్యూబ్ ఆగిపోయింది. డిసెంబరులో గూగుల్ ఇంకో అడుగు వేసి, 2018 జనవరి 1 నుంచి ఫైర్ టీవీలో యూట్యూబ్ ఉండదని నోటీసు ఇచ్చింది. అమెజాన్ తమ క్రోమ్‌కాస్ట్, గూగుల్ హోమ్ అమ్మదు, ప్రైమ్ వీడియోను క్రోమ్‌కాస్ట్‌కు ఇవ్వదు, అందుకే ఈ నిర్ణయం అంది. ఫైర్ టీవీలో యూట్యూబ్ బొమ్మ నొక్కితే, వెబ్ బ్రౌజర్‌లో చూసుకోమన్న సందేశం వచ్చింది. అమెజాన్ హడావుడిగా ఫైర్‌ఫాక్స్, సిల్క్ బ్రౌజర్లను ఫైర్ టీవీలోకి తెచ్చింది. అలా ఏడాదిన్నర గడిచింది. 2019 ఏప్రిల్‌లో రాజీ ప్రకటన, జులై 9న ఫైర్ టీవీలోకి యూట్యూబ్, అదే రోజు క్రోమ్‌కాస్ట్‌లోకి ప్రైమ్ వీడియో. నాలుగేళ్ల గొడవ ఒక్క రోజులో ఇచ్చిపుచ్చుకోవడంతో తీరింది. అంటే అడ్డంకి ఎప్పుడూ యంత్రాల్లో లేదు.

మన దేశంలో ఫైర్ టీవీ స్టిక్ 3,999 రూపాయలకు 2017 ఏప్రిల్‌లో వచ్చింది. పాత టీవీని స్మార్ట్ టీవీ చేసుకోవచ్చని ఆశపడి కొన్నవాళ్లకు తొమ్మిది నెలలు తిరగకుండానే ఈ అమెరికా పేచీ తగిలింది. సియాటిల్‌లోని అమెజాన్‌కూ కాలిఫోర్నియాలోని గూగుల్‌కూ మధ్య మాట కుదరకపోతే కాకినాడలో యూట్యూబ్ యాప్ ఆగింది.

మన జనానికి ఇలాంటివి మరీ కొత్తవి కావు. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు నిలిపేసినప్పుడు కారణం ఊరందరికీ తెలుసు. పత్రికల్లో వచ్చింది, టీ కొట్ల దగ్గర చర్చ జరిగింది. చానల్ రావడం లేదని ఎవరూ టీవీ విప్పలేదు. మామూలు రోజుల్లో బొమ్మ రాకపోతే కేబుల్ అతనికి ఫోన్ చేసేవారు. వైరు తెగిందా, పే చానల్ డబ్బు కట్టలేదా, పై నుంచే ఆపారా, ఏదో ఒక జవాబు దొరికేది. యాప్‌ల లోకంలో పోయింది ఆ ఫోన్ నంబరే. తెర మీద ఖాళీ తప్ప ఏమీ ఉండదు. ఎవరిని అడగాలో తెలియదు.

2020 నుంచి గొడవల రంగు మారింది. అప్పటిదాకా యంత్రాలు అమ్మేవాళ్ల పోటీ. ఇప్పుడు పంపకాల పేచీ. బాక్సు 40, 50 డాలర్లకు వస్తోంది. అందులో లాభం ఎంతని? రోకు సంపాదన ప్రకటనల నుంచీ, తన బాక్సు ద్వారా కట్టే చందాల్లో వాటా నుంచీ వస్తుంది. 2020 జనవరి 31న ఫాక్స్ యాప్‌లు పోబోతున్నాయని రోకు వాడకందార్లకు కబురు పంపింది. రెండు రోజుల్లో అమెరికా మొత్తం చూసే సూపర్ బౌల్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, ఆ ఏడు ప్రసారం ఫాక్స్‌దే. మ్యాచ్‌కు ముందు ఒప్పందం కుదిరింది. అలాంటి గడువు లేని చోట మాత్రం సాగదీశారు. హెచ్‌బీఓ మ్యాక్స్ 2020 మే 27న మొదలైతే ఫైర్ టీవీలోకి నవంబరులో, రోకులోకి డిసెంబరు మధ్యలో వచ్చింది. ‘వండర్ వుమన్ 1984’ క్రిస్మస్ నాడు అందులో విడుదల కావాల్సి ఉండటం ఆఖరి తోపు. కేబుల్ కంపెనీ చార్టర్ వారి స్పెక్ట్రమ్ టీవీ యాప్ 2020 డిసెంబరులో రోకు స్టోర్ నుంచి పోయి, మళ్లీ 2021 ఆగస్టులో కనిపించింది.

వీటన్నిటిలోనూ నిదానంగా చూడాల్సింది యూట్యూబ్ టీవీ వ్యవహారం. నెలనెలా డబ్బు కట్టి లైవ్ చానళ్లు చూసే సర్వీసు అది, మామూలు యూట్యూబ్ కాదు. 2021 ఏప్రిల్ 30న రోకు దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. అయితే అప్పటికే బాక్సులో ఎక్కించుకున్నవాళ్లకు అది పనిచేస్తూనే ఉంది. తిరకాసు ఇక్కడే. యాప్ కాస్త మొరాయించిందనుకోండి. ఎవరైనా ఇచ్చే మొదటి సలహా ఏమిటి? డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి. ఆ రోజుల్లో అలా చేసినవాడి చేతి నుంచి యాప్ జారిపోయినట్టే. డిలీట్ అవుతుంది, తిరిగి ఎక్కించుకుందామంటే స్టోర్‌లో లేదు. అందుకే ఉన్న యాప్‌ను తొలగించవద్దని రోకు కూడా చెప్పాల్సి వచ్చింది. మేలో గూగుల్ తన మామూలు యూట్యూబ్ యాప్ లోపలే యూట్యూబ్ టీవీకి ఒక దారి పెట్టింది. అసలు ఒప్పందం డిసెంబరు 8న కుదిరింది. మధ్యలో ఏడు నెలలు. అన్ని నెలలూ చందా కట్టిన మనిషి తన సొంత టీవీలో ఏది నొక్కాలన్నా ఆలోచించుకోవాల్సి వచ్చింది.

ఒప్పందాల గొడవ కనీసం వార్తల్లో వస్తుంది. చడీచప్పుడు లేకుండా వచ్చేది సాంకేతిక గడువు. 2015 ఏప్రిల్ 20న యూట్యూబ్ తన పాత డేటా విధానాన్ని మూసేయడం మొదలుపెట్టింది. ఆ విధానం మీద ఆధారపడిన 2012, అంతకుముందు నాటి ఎన్నో స్మార్ట్ టీవీలు, బ్లూరే ప్లేయర్లు, పాత ఆపిల్ టీవీలు యూట్యూబ్‌ను పోగొట్టుకున్నాయి. మూడేళ్ల కిందట కొన్న ఖరీదైన టీవీ సగం స్మార్ట్ టీవీ అయిపోయింది. అయితే యూట్యూబ్ ఒక మర్యాద పాటించింది. ఈ పరికరంలో ఇక రాదని చెప్పే చిన్న వీడియోను ఆ పాత యాప్‌లోనే చూపించింది. ఇది పెద్ద పనేమీ కాదు. కానీ ఇంత చరిత్రలో ఇలాంటివి తక్కువ. తెర మీద రెండు వాక్యాలు రాస్తే జనం ప్లగ్గులు పీకి పెట్టుకుంటూ ఒక పూట పాడుచేసుకోనక్కర్లేదు. ఆ రెండు వాక్యాలూ రాయడం కంపెనీల బాధ్యత.

మూడో తరం ఆపిల్ టీవీ కథ ఇంకో రకం. 2012లో వచ్చిన ఆ బాక్సుకు యాప్ స్టోర్ లేదు. ఆపిల్ ఇచ్చిన యాప్‌లే దిక్కు. 2021 మార్చిలో యూట్యూబ్, 2024 జులై 31న నెట్‌ఫ్లిక్స్ దాన్ని వదిలాయి. ఒక్కో యాప్ పోతూ ఉంటే, పోయిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో చెడిందనుకునే ఉంటారు.

సర్టిఫికెట్ గడువులు వీటన్నిటికంటే గుట్టుగా వస్తాయి. బాక్సు, సర్వర్ ఒకరినొకరు నమ్మడానికి డిజిటల్ సర్టిఫికెట్ చూపించుకుంటాయి. ప్రతి సర్టిఫికెట్‌కూ ముగింపు తేదీ ఉంటుంది. 2020 మే 30న యాడ్‌ట్రస్ట్ అనే పాత మూల సర్టిఫికెట్ ప్రపంచమంతటా గడువు దాటింది. దాని మీద ఆధారపడిన కొన్ని రోకు బాక్సుల్లో చానళ్లు ఆడలేదు. సెట్టింగ్స్, సిస్టమ్, సిస్టమ్ అప్‌డేట్ దాకా వెళ్లి చేతితో అప్‌డేట్ చేసుకోమని కంపెనీ చెప్పింది. రోకు వాడేవాళ్లలో చాలామందికి ఇంకో కిటుకు కూడా తెలుసు. రిమోట్‌లో హోమ్ బటన్ ఐదుసార్లు, పైబాణం ఒకసారి, రివైండ్ బటన్ రెండుసార్లు, ఫాస్ట్ ఫార్వర్డ్ బటన్ రెండుసార్లు. ఇవి వరుసగా నొక్కితే తెర ఒక క్షణం బిగుసుకుని, కాసేపటికి బాక్సు తనంతట తనే రీస్టార్ట్ అవుతుంది. ఇందులో పోయేదేమీ లేదు, ఖాతా, యాప్‌లు అలాగే ఉంటాయి. రీస్టార్ట్ వేరు, ఫ్యాక్టరీ రీసెట్ వేరు. ఈ తేడా ఎంత ఖరీదైందో 2025లో తెలిసింది.

ఆ ఏడాది మార్చి 9న రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ప్రపంచమంతటా ఒకేసారి నిలిచిపోయాయి. ఫోన్ నుంచి వీడియో పంపబోతే ఈ పరికరాన్ని నమ్మలేమన్న హెచ్చరిక. 2015లో విడుదలైన ఆ పరికరాల్లో పెట్టిన ఒక మధ్యస్థ సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు అప్పుడే తీరిందని బయట పరిశీలించినవాళ్లు పట్టుకున్నారు. అంటే ఆ తేదీ అవి ఫ్యాక్టరీ దాటిన రోజు నుంచే వాటి లోపల ఉంది. గూగుల్ సమస్యను ఒప్పుకుని, ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఎవరూ ఫ్యాక్టరీ రీసెట్ చేయవద్దు. కానీ అప్పటికే చాలామంది చేసేశారు. అలవాటు మరి. చేయనివాళ్ల పరికరాలు కొద్ది రోజుల్లో అప్‌డేట్ అందుకుని వాటంతట అవే బాగుపడ్డాయి. చేసినవాళ్లవి మాత్రం మళ్లీ సెటప్ కాకుండా మొండికేశాయి. ఫోన్‌లోని గూగుల్ హోమ్ యాప్‌కు కూడా వేరే అప్‌డేట్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. బాగుచేద్దామని తాపత్రయపడ్డవాడే ఎక్కువ నష్టపోయాడు. 2021 నాటి యూట్యూబ్ టీవీని, ఈ క్రోమ్‌కాస్ట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే రిపేరు వరుస ఎలా ఉండాలో దానంతట అదే తేలుతుంది. ముందు అడగాల్సింది ఇది నా ఒక్కడికేనా, అందరికీనా అని. పక్కింటివాళ్లనో, అదే బాక్సు వాడే చుట్టాలనో అడిగినా, ఆ రోజు వార్తలు చూసినా సగం సంగతి తెలిసిపోతుంది. అందరికీ అయితే చేతులు కట్టుకుని కూర్చోవడమే మంచి వైద్యం. ఒక్కడికే అయితే రీస్టార్ట్, తర్వాత సిస్టమ్ అప్‌డేట్, ఆ తర్వాత మెమరీ నిండిందా అన్నది, ఖాతా ఏ దేశంలో నమోదైంది అన్నది. యాప్ తీసేయబోయే ముందు అది స్టోర్‌లో ఇంకా ఉందా అని చూసుకోవడం. రీసెట్ అన్నిటికంటే ఆఖరున.

మెమరీ, ఖాతా దేశం రెండూ చిన్నవిగా కనిపిస్తాయి గాని మన ఇళ్లలో నిజంగా తగిలేవి అవే. ఫైర్ స్టిక్ తొలి మోడళ్లలో ఉన్నది 8 జీబీ. అందులో సిస్టమ్ పోగా మిగిలింది పది పన్నెండు యాప్‌లకే బిగుసుకుపోతుంది. ఇక దేశం సంగతి. ఫైర్ టీవీ స్టోర్‌లో ఏం కనిపించాలన్నది అమెజాన్ ఖాతా నమోదైన దేశాన్ని బట్టి, ఆపిల్ టీవీలో ఆపిల్ ఖాతా దేశాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో కొన్న స్టిక్‌ను డాలస్ తీసుకెళ్లి అక్కడి ఖాతాతో లాగిన్ అయితే యాప్‌ల వరుస వేరు. అదే స్టిక్ పాత భారతీయ ఖాతాతో ఉంటే వేరు. స్టిక్ ఒకటే, దేశం మాత్రం ఖాతాది.

అమెరికాలో తెలుగువాళ్లకు ఈ బాక్సులతో అనుబంధం పాతది. డిష్ పెట్టుకోవడానికి అపార్ట్‌మెంట్‌వాళ్లు ఒప్పుకోని చోట తెలుగు చానళ్లకు ఇంటర్నెట్టే దారి. 2006లో మొదలైన యప్‌టీవీ రోకు బాక్సుల్లోకి వెళ్లింది అందుకే. స్టార్ సంస్థ హాట్‌స్టార్ 2017లో అమెరికాలో విడిగా అడుగుపెట్టింది. డిస్నీ చేతికి వచ్చాక 2022లో అక్కడ దాన్ని మూసేసి, కార్యక్రమాలను హులూ వంటి తన ఇతర సర్వీసుల్లో కలిపింది. ఊళ్లో అమ్మానాన్నలు అదే యాప్‌లో చూస్తున్న సీరియల్ గురించి ఫోన్‌లో చెబుతుంటే, అక్కడ ఆ యాప్ పేరే లేకపోవడం చాలా ఇళ్లలో అనుభవం. 2025 ఫిబ్రవరి 14న భారత్‌లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్, జియోసినిమా కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. పాత పేరుతో వెతికినవాళ్లు ఇక్కడా కాసేపు తడుముకున్నారు. మాయమైన యాప్‌ల్లో కొన్ని పోలేదు, పేరు మార్చుకున్నాయంతే.

భారత్‌లో ఈ చరిత్రకు ఇంకో అధ్యాయం ఉంది. 2018 ఫిబ్రవరిలో షావోమీ 55 అంగుళాల మీ టీవీని 39,999 రూపాయలకు తెచ్చినప్పుడు దుకాణాల్లో కలకలం రేగింది. అంత పెద్ద టీవీ ఆ ధరకు ఎవరూ చూడలేదు. ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది, అందులో నెట్‌ఫ్లిక్స్ లేదని. 2019 సెప్టెంబరులో వన్‌ప్లస్ తన మొదటి టీవీ విడుదల చేసినప్పుడు కూడా లోపల నెట్‌ఫ్లిక్స్ లేదు, తర్వాతే వచ్చింది. అదే నెలలో షావోమీ కొత్త టీవీల్లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో చోటు చేసుకున్నాయి. కారణం ధృవీకరణ. టీవీ ఆండ్రాయిడ్ మీద నడుస్తోందంటే సరిపోదు. నెట్‌ఫ్లిక్స్ ప్రతి పరికరాన్నీ విడిగా పరీక్షించి ఒప్పుకోవాలి. ఒప్పుకోని వాటిలో ప్లే స్టోర్ ఆ యాప్‌ను చూపించదు, లేదా మీ పరికరానికి సరిపోదని చెబుతుంది. వీధి దుకాణాల్లో రెండు మూడు వేలకు దొరికే పేరులేని ఆండ్రాయిడ్ బాక్సుల్లో కథ ఇంకా తిరకాసు. వాటిలో కొన్నింట్లో ఉండేది టీవీ ఆండ్రాయిడ్ కాదు, ఫోన్ ఆండ్రాయిడ్. బయటి నుంచి యాప్ ఎక్కించినా, అసలైన సినిమా తాళం ఆ చిప్‌లో లేకపోవడంతో 4కే టీవీ మీద బొమ్మ 480పీ దగ్గరే ఆగిపోతుంది. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు, బాక్సు 4కేనే. తాళం మాత్రం లేదు.

కొత్తగా పుట్టే తెలుగు సర్వీసుకు ఇదే సమస్య అటువైపు నుంచి. 2020 మార్చి 25న, ఉగాది నాడు, దేశం లాక్‌డౌన్‌లోకి వెళ్లిన రోజునే ఆహా మొదలైంది. అలాంటి సంస్థ ఆండ్రాయిడ్ టీవీకి, ఫైర్ టీవీకి, ఆపిల్ టీవీకి, రోకుకు, సామ్‌సంగ్ టైజెన్‌కు, ఎల్‌జీ వెబ్‌ఓఎస్‌కు దేనికది విడిగా యాప్ రాయాలి, విడిగా పరీక్ష దాటించాలి, అప్‌డేట్లు విడిగా చూసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌కు ఆ పనికి చాలామంది ఉంటారు. ఒక భాషలో నడిచే సర్వీసుకు ఉండరు. మన టీవీలో తెలుగు యాప్ ఆలస్యంగా వచ్చిందంటే చాలాసార్లు ఆ పని ఇంకా సాగుతోందని అర్థం. అలాంటివాళ్ల మీద కోపం తగ్గించుకోవచ్చు.

పక్కదారులు మాత్రం ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. దొంగ చానళ్లు చూపిస్తున్నారన్న కేసులో మెక్సికో కోర్టు 2017 జూన్‌లో రోకు అమ్మకాలనే ఆపింది. 2018 అక్టోబరుకు గాని ఆ నిషేధం తొలగలేదు. ప్రైవేట్ చానళ్లకు రోకు 2022 మొదట్లో స్వస్తి చెప్పింది. వాటి స్థానంలో పెట్టిన బీటా చానల్‌ను 20 మంది మాత్రమే, 120 రోజులు మాత్రమే వాడగలరు. 2025 చివర్లో అమెజాన్ తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్ ఆండ్రాయిడ్ మీద నడవదు, వేగా అనే సొంత వ్యవస్థ మీద నడుస్తుంది. ఇన్నాళ్లూ ఫైర్ స్టిక్‌లోకి బయటి నుంచి ఎక్కించుకున్న ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు అందులో పనిచేయవు. యాప్ తయారీదారులు చివరికి దానికోసం మళ్లీ రాయాల్సిందే. కొత్త స్టిక్ కొని పాత యాప్ కోసం వెతికేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది, ఆ సంస్థ వేగాకు యాప్ ఇచ్చిందా లేదా అన్నది.